చూపునకు హద్దు కలదా?

మా సిరవారలో క్రొత్త యిల్లు కట్టినవారు వీధిగుమ్మము పైని బూడిద గుమ్మడికాయను వ్రేలగట్టుట పరిపాటి. ఇందు తెలుగువారు, కన్నడిగులు అను భేదము లేదు. పరుల చూపునందు ఏదో కీడు కలదనియు, దానిని కాయ తన మీద వేసికొనుననియు పెద్దల నమ్మకము. నాకా నమ్మకము పూర్తిగా నున్నదని చెప్పజాలను. అయినను మా యింటి కాయను విప్పుటకు చేతులు రాలేదు. గత సంక్రాంతికి అమెరికానుండి వచ్చిన మా కుమారుడు ఆ కాయ ప్రక్కనే యొక కెమెరాను, లోపల హాలులో మరియొక కెమెరాను బిగించి పోయెను. చూపును ఆపుటకు కట్టినదాని ప్రక్కన చూచుటకు కట్టినది వచ్చి చేరెను. నాటినుండి నన్ను విడువని యొక ప్రశ్నను చదువరుల ముందుంచుచున్నాను. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తాగిరిలో ముప్పదియేండ్లకు పైగా గడిపినవాడను.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై ఎడమగట్టు కాలువకు నీరు పారిన పిదప, గుంటూరు, కృష్ణా, గోదావరి మండలముల రైతులు రాయచూరు జిల్లాలో నేలలు కొని క్యాంపులు కట్టుకొనిన సంగతి మనలో అందరు నెరిగినదే. మా తండ్రిగారును వారిలో నొకరు. నా చిన్నతనమున క్యాంపులో పగటిపూట తలుపు మూసిన యిల్లు నేనెరుగను. ప్రొద్దెక్కినను మా వంటింటినుండి పొగ రాకున్నచో ఎవరో యొకరు వచ్చి "ఒంట్లో బాగాలేదా?" అని యడిగెడివారు. కన్నడపు పొరుగువారు ఎదురుపడినప్పుడెల్ల "ఊట ఆయితా?" అని నేటికిని అడుగుదురు. పరదేశి యెవడైన ఈ ప్రశ్న విన్నచో నా తిండితో వీరికేమి పని యనుకొనునేమో! మనకు అది ఆదరము.

మా కుమారుడు ఈ మాటనే నా మీద ప్రయోగించెను. "ఊరంతా మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది కదా నాన్నగారూ, నేను చూస్తే తప్పేమిటి?" అనెను. నాకు వెంటనే బదులు తోచలేదు. అంతేకాదు, ఆషాఢమాసములో నొకనాడు నేను బజారునకు పోయియుండగా నా భార్య హాలులో జారిపడినది. అప్పుడు అక్కడ అర్ధరాత్రి. మేలుకొనియున్న మావాడు ఆ యంత్రములో చూచి పొరుగింటికి ఫోను చేసెను. నేను కూరల సంచితో తిరిగి వచ్చుసరికి ఆమెను మంచము మీద కూర్చుండబెట్టి కాలికి తైలము రాయుచున్నారు. ఆ ఉపకారమును మరచి కెమెరాను దూషించుట కృతఘ్నత యగును.

కాని ఆ కన్ను వచ్చిన పిదప మా యింట నొకటి పోయినది. ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు ఎదురింటి కన్నడపు ఇల్లాలు వచ్చి నా భార్యతో ముచ్చటించెడిది. ఇరువురును ఒకరినొకరు అక్కా యని పిలుచుకొందురు. ఆ పిలుపునకు రెండు భాషలలోను ఒకే మాట. ఆమె తన కోడలి మాట, మందుల మాట, మగనితో చెప్పుకొనలేని మాట ఇచట చెప్పుకొనెడిది. ఒకనాడు మాటల మధ్యలో ఆమె కన్నులు పైకి పోయినవి. గొంతు తగ్గినది. మరునాడు అరుగు మీదనే కూర్చున్నది. పది దినములకు రాకయే మానినది. అమెరికాలో ఒకడు తన మాటలు వినునని కాదు ఆమె భయము. వినుచున్నాడో లేదో తెలియకపోవుటయే భయము.

తెల్లవారికి ఆప్యాయత లేదు గనుక వారికి చాటు కావలయును, మనకు ఆప్యాయత యున్నది గనుక అక్కరలేదు అని మనవారు తేలికగా అందురు. నేనును అంటిని. ఇప్పుడది సరికాదని తోచుచున్నది. అమెరికాలో 1888లో కొడాక్ కెమెరా అంగళ్లకు వచ్చి, సామాన్యుల చేతికి చిక్కిన రెండేండ్లకు, 1890లో, వారెన్, బ్రాండైస్ అను ఇద్దరు బోస్టను న్యాయవాదులు మనుష్యుని ఏకాంతమునకు చట్టము రక్షణ నీయవలెనని వ్యాసము వ్రాసిరి. అంతకుముందు వారికిని ఆ యవసరము అంతగా తోచలేదు కాబోలు. జర్మనీలో 2010లో గూగుల్ సంస్థ వీధుల బొమ్మలను చూపబూనగా 2,40,000కు పైగా గృహస్థులు తమ యింటి బొమ్మను మసకపరుపుడని కోరిరి. మన దేశమున 24-8-2017న సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఇది ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యము తెచ్చిన పుట్టస్వామిగారు మన కర్ణాటక హైకోర్టులో పనిచేసిన విశ్రాంత న్యాయమూర్తియే.

అన్నింటికంటె నాకు నచ్చినది జపాను పద్ధతి. అక్కడ అమ్ముడగు చేతిఫోనులు బొమ్మ తీయునపుడు చప్పుడు చేయును. సామాన్యముగా దానిని ఆపుటకు వీలుండదు. చాటుగా బొమ్మ తీయువానిని అది పట్టియిచ్చును. ఇది విన్నప్పుడు మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన తన సొంత యింటిలోనే పెరటివైపునకు పోవునపుడు గొంతు సవరించుకొని, ఒక్క క్షణమాగి, అడుగు పెట్టెడివారు. ఆడవారు అక్కడ ఎట్లున్నారో, ఏమి మాటలాడుకొనుచున్నారో యని. తలుపులు లేని యిండ్లలో ఆ దగ్గే తలుపు. మనకు చాటు లేకపోలేదు; దానికి గడియలు లేవు, అంతియే.

ఒక ఆదివారము నేను మావానితో, "సరే, మీ హాల్లో కూడా ఒకటి పెట్టు. మేమూ మనవల్ని చూస్తూ ఉంటాం" అంటిని. కొంతసేపు మాట లేదు. "ఇక్కడ కుదరదు నాన్నగారూ. స్నేహితులు వస్తుంటారు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు" అనెను. "మా ఇంటికీ స్నేహితులే వచ్చేవారు" అంటిని. అతడు చెడ్డవాడు కాడు. తల్లి కాలి నొప్పికి అక్కడ నిద్ర మానినవాడు. కాని అక్కడ కూడని పని ఇక్కడ కూడునని యనుకొనుటలో, ఇక్కడి మనుష్యులకు దాచుకొనదగినది లేదను తలంపు తెలియకయే దాగియున్నది. అతనికి నేనియ్యలేకపోయిన బదులు అప్పుడు దొరకినది. పొరుగింటివారి కన్ను నా మీద నున్నంతసేపు నా కన్నును వారి మీద నుండును. వారి వాకిలియు నాకు తెరచియే యుండును. ఖర్చు మాత్రము వ్రాసి జమ వ్రాయని పద్దు పుస్తకమును నేను ఉద్యోగములో నుండగా ఎన్నడును సంతకమునకు పంపలేదు.

హాలులోని కెమెరాను విప్పలేదు. ఆ జారిపాటు మరల జరుగదని ఎవరు చెప్పగలరు? నా భార్య పాత చీరె అంచుతో దానికొక గవిసెన కుట్టినది. రెండు గంటలకు తొడుగుట, నాలుగు గంటలకు తీయుట. మొదటినాడు మావాడు కంగారుపడి ఫోను చేసెను. ఇప్పుడు చేయుట లేదు. ఎదురింటి యిల్లాలు మరల వచ్చుచున్నది. లేచి పోవునపుడు "అక్కా, దాని టోపీ తియ్యి" అని తానే గుర్తుచేయుచున్నది.

ఇంతవరకు వ్రాసిన పిదప నాకు సిగ్గు కలిగిన సంగతి యొకటి తోచినది. ఉదయము ఏడు గంటలకు మా పనిమనిషి వచ్చి ఆ కన్ను క్రిందనే నేల తుడుచును. ఆమెను మేమెన్నడును అడుగలేదు. నిన్న అడిగితిని. గుడ్డ పిండుచునే "మీ ఇల్లు, మీ ఇష్టం అయ్యగారూ" అనెను. అది ఒప్పుకొనుటయో, కాదనలేకపోవుటయో నేనింకను తేల్చుకొనలేదు. నేటి ఉదయము మాత్రము ఆమె వచ్చుటకు ముందే లేచి గవిసెన తొడిగితిని.