నిప్పు సరే, ఏ నిప్పు?

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ సామెతని మనం ఎక్కువగా వాడేది ఎవరి పరువైనా తీసేటప్పుడే. "ఏమీ లేకపోతే అన్ని మాటలు ఎందుకొస్తాయమ్మా?" అని ఒక్క ముక్క అంటే చాలు, ఇక సాక్ష్యం అక్కర్లేదు. కాదనను, పొగ వుందంటే నిప్పు వుండే వుంటుంది. కాని పొయ్యిలోంచి వచ్చేదీ పొగే, సాంబ్రాణిదీ పొగే, కొంప అంటుకుంటే వచ్చేదీ పొగే. పొగని చూసి నిప్పు వుందని చెప్పచ్చు. ఏ నిప్పో చెప్పడం ఎలా?

ఈ ప్రశ్నతోనే జీవితాలు గడిపేవాళ్ళున్నారంటే నమ్ముతారా? వాళ్ళు భౌతికశాస్త్రజ్ఞులు. ఇదేదో మనకి అందని విషయమని పేజీ తిప్పెయ్యకండి.

జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనశాల వుంది. అక్కడ నేల అడుగున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో, 2010 నవంబరులో సీసపు పరమాణు కేంద్రకాలని దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టించడం మొదలుపెట్టారు. ఒక్కో కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, మొత్తం 208. రెండూ నిండుగా ఢీకొన్నప్పుడు, విద్యుదావేశం వున్న కణాలే 17,000 దాకా పుట్టి చిమ్ముకుపోయాయి. రెండు సోలల బియ్యం ఢీకొని బస్తా బియ్యం రాలినట్టన్నమాట! ఇన్ని కొత్తవి ఎక్కడివంటారా? ఆ పరుగులో వున్న శక్తే పదార్థమయిపోతుంది. ఢీకొన్న చోట సూర్యుడి గర్భం కన్నా లక్ష రెట్లు మించిన వేడి. అయితే ఆ క్షణాన్ని చూసినవాళ్ళు లేరు, చూడబోయేవాళ్ళూ లేరు. రెప్పపాటు అనేది కూడా దానికి చాలా పెద్ద మాట. చూడగలిగింది బయటికి చిమ్ముకొచ్చిన కణాలనే. అంటే, పొగనే.

అందుకని వాళ్ళు లోపల ఇలా జరిగి వుండచ్చని ఒక కథ అల్లుతారు. దానికి నమూనా అని పేరు. ఆ కథ ప్రకారం ఎన్ని కణాలు రావాలో లెక్క కట్టి, కొలతతో పోల్చి చూస్తారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బిందు బాంబా కూడా, కణాలు ఢీకొంటే కొత్తవి ఎన్నేసి పుడతాయన్న లెక్కల మీద పరిశోధన చేశారు.

అసలు తమాషా ఈ కథల్లోనే వుంది. 1950లో ఫెర్మీ అనే శాస్త్రజ్ఞుడు, శక్తంతా ఒక్క చిన్న చోట ఇమిడి, కాగి, అక్కడికక్కడే కణాలుగా విడిపోతుందన్నాడు. 1953లో రష్యాలో లాండౌ కాదన్నాడు. ఆ వేడిముద్ద ముందు ద్రవంలా వ్యాపించి, చల్లారాకే కణాలవుతుందన్నాడు. రెండూ వేరు వేరు కథలు. కాని ఢీకొట్టే శక్తి పెరిగేకొద్దీ కణాల సంఖ్య ఎలా పెరగాలో రెండు కథలూ ఒకే లెక్క చెప్పాయి! సంఖ్య మాత్రమే చూసేవాళ్ళకి ఇద్దరి మాటా ఒప్పే. తేడా తెలియాలంటే, ఏ కణం ఏ దిక్కుకి పోయిందని కూడా అడగాలి.

అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో 2000 నుంచి బంగారు కేంద్రకాలతో ఆ ప్రశ్నే అడిగారు. లోపల ఏర్పడేది వాయువులాంటిదని చాలామంది అనుకుంటూ వచ్చారు. కాని కేంద్రకాలు నిండుగా కాక కాస్త పక్కగా తగిలినప్పుడు, కణాలు ఒక దిశలో ఎక్కువగా, దానికి అడ్డదిశలో తక్కువగా పోయాయి. వాయువైతే అంత తేడా రాదు. అది దాదాపు జిగటే లేని ద్రవమని 2005లో ప్రకటించారు.

మా నారాయణపేట చీర సంగతే చూడండి. ఆ గళ్ళలో, గుడి అంచులో మరాఠీ పోలిక కనిపిస్తుంది. 1630లో శివాజీ ఇటు వచ్చి మకాం చేశాడనీ, వెళ్ళేటప్పుడు నేతగాళ్ళు కొందరు ఇక్కడే వుండిపోయారనీ కథ చెబుతారు. చీరకి కథ అతికినట్టు సరిపోతుంది. ఇంకో ప్రశ్న వెయ్యండి. శివాజీ పుట్టింది ఎప్పుడు? పుస్తకాల్లో వుండేది 1630 అనే! చంటిపిల్లాడు దండు తీసుకుని రాడు కదా. అంతమాత్రాన నేతగాళ్ళు అటునుంచి రాలేదనీ కాదు. అతికిన ప్రతి కథా నిజం కాదు, అంతే.

చీర విషయంలో కథ తప్పయితే పోయేదేమీ లేదు. మనిషి విషయంలోనో? పెళ్ళయిన మూడు నెలలకి ఒక పిల్ల పెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసిందనుకోండి. పొగరంటుంది ఒకావిడ. అత్తగారు ఆరళ్ళు పెట్టి వుంటుందంటుంది ఇంకో ఆవిడ. ముందునుంచీ మనసు ఇంకెక్కడో వుందిట, అని గొంతు తగ్గిస్తుంది మూడో ఆవిడ. ఆ పెట్టెకి మూడు కథలూ సరిపోతాయి. మనకి నచ్చినదాన్ని ఎంచుకుని, సరిపోయింది గనక అదే నిజం అనేస్తాం. ఆ కథ వల్ల చెల్లెలికి కుదరబోయే సంబంధం కూడా తప్పిపోతుంది.

అలాగని ఏమీ అనుకోకుండా వుండగలమా అంటారు. వుండలేం. శాస్త్రజ్ఞులూ వుండలేరు. ఊహ లేకపోతే వాళ్ళ 17,000 కణాలూ వట్టి ధూళి. ఊహించడం తప్పు కాదు. కాని వాళ్ళు సరిపోయిన కథకి కూడా ఇంకో ప్రశ్న వేస్తారు, నిలబడకపోతే వదిలేస్తారు. మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

పైగా సీసానికి నోరు లేదు గనక వాళ్ళకి ఇన్ని అవస్థలు. ఆ పిల్లకి నోరుంది. పక్కన కూచోబెట్టుకుని "ఏం జరిగిందమ్మా?" అని అడిగితే చెబుతుందేమో. చెప్పనంటే, మనకి తెలియదని వూరుకోవడమే మర్యాద. వీధి వీధంతా మాట్లాడుకుంటుంది గాని, ఆ పిల్లని అడిగినవాళ్ళెందరంటారు?