పొరుగింటి తాళంచెవి

పొరుగింటివారు ఊరికి వెళుతూ తమ తాళంచెవి మన చేతికిచ్చి వెళతారు. దానిని గుమ్మంలో మేకుకు తగిలించము. బీరువాలో భద్రంగా దాచుతాము. మన వస్తువు పోతే బాధపడతాము. పొరుగువారి తాళంచెవి పోగొడితే వారి ముఖం చూడలేము.

ప్రియ పాఠకులారా, నేడు మన ఫోను అటువంటి తాళంచెవుల గుత్తి. అందులో మన డబ్బు ఒక్కటే లేదు. బంధుమిత్రుల నంబర్లు, పిల్లల సర్టిఫికెట్లు, సంఘం లెక్కలు, ఎవరో మనల్ని నమ్మి చెప్పుకొన్న కష్టాలు కూడా ఉన్నాయి. అయినా అన్ని ఖాతాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి, "నా దగ్గర దోచుకోవడానికి ఏముంది?" అంటాము. వినడానికి ఇది వినయంగానే ఉంటుంది. కాని నిజమేనా?

2012లో డ్రాప్‌బాక్స్ సంస్థ ఉద్యోగి ఒకరు, వేరొకచోట వాడిన పాస్‌వర్డునే ఉద్యోగపు ఖాతాకూ వాడారు. అక్కడ దొంగిలించిన పాస్‌వర్డుతో దొంగలు ఇక్కడ ప్రవేశించారు. ఆ ఏడాది చోరీ అయిన వివరాలు 6.8 కోట్లకు పైగా ఖాతాలవని 2016లో బయటపడింది. దుర్బుద్ధి దొంగలదే. ఆ ఉద్యోగి మనలాగే సులువు చూసుకొన్న మనిషి. కాని ఆ సులువుకు వెల చెల్లించినవారు ఇతరులు. మన వాట్సాప్ దొంగ చేతిలో పడితే మన పేరుతో అప్పు అడిగేది కూడా మనల్ని నమ్మినవారినే కదా!

ఇందుకు ఉపాయం కష్టమైనది కాదు. పాస్‌వర్డు మేనేజరు ప్రతి ఖాతాకూ వేరువేరు పాస్‌వర్డు తయారుచేసి దాచుతుంది. మనము ఒక్క పెద్ద పాస్‌వర్డు గుర్తుంచుకొంటే చాలు. ఇక రెండవ తాళం: పాస్‌వర్డు తరువాత మరొక కోడ్ అడిగే ఏర్పాటు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2009లోనే ఇటువంటి రెండవ ధృవీకరణను తప్పనిసరి చేసింది. ఈమెయిలుకు, వాట్సాప్‌కు మాత్రం మనమే పెట్టుకోవాలి. అయితే ఫోనులో ఎవరో బెదిరించగానే ఓటీపీ చెప్పేస్తే ఎన్ని తాళాలున్నా వ్యర్థమే.

"కుటుంబంలో తాళాలెందుకు? ఇది అనుమానం కాదా?" అని కొందరు అడుగుతారు. తాళం వేసేది ఇంట్లోవారిని శంకించి కాదు. ఆ పెద్ద పాస్‌వర్డును కాగితంపై వ్రాసి బీరువాలో ఉంచి, ఆ చోటు భార్యకో భర్తకో చెప్పండి. ఆపదలో వారికి దారి ఉంటుంది. నమ్మదగిన వారిని నమ్మడం, అపరిచితునికి ఓటీపీ చెప్పకపోవడం, రెండూ వివేకమే.

మరొక మాట. ఇంట్లో పెద్దవారు మోసపోతే "బుద్ధి లేదా?" అని గద్దించకండి. తిట్లకు భయపడినవారు జరిగినది దాచుతారు. ఆ ఆలస్యమే దొంగకు కావలసినది. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయించి, బ్యాంకుకు తెలియజేయండి.

ఈ ఆదివారం సాయంత్రం ఒక గంట తీరిక చేసుకొని అమ్మానాన్నల ఫోను తీసుకొని వారి ప్రక్కన కూర్చోండి. విసుగు పడకుండా రెండవ తాళం వేయడం నేర్పండి. ఆ ఫోనులో మీ నంబరు కూడా ఉన్నది.