గాజు పిట్ట

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఇక్కడ ఇంగ్లాండులో మనవాళ్ళు యూరప్ ప్రయాణాలకు టికెట్లు వెతుక్కునే రోజులివి. వెళ్ళిన ప్రతిచోటా మనకొక పని తప్పదు: ఊళ్ళో అందరికీ ఏదో ఒకటి కొనుక్కు రావడం. ఈ చిన్న పనిలో నేను చేసిన ఒక పొరపాటు గురించి మీతో చెప్పుకోవాలనిపించింది.

కిందటేడాది మేము వెనిస్ వెళ్ళాం. నా భార్య చేతిలో పదకొండు మంది పేర్లున్న జాబితా. రియాల్టో వంతెన దగ్గర ఒక బడ్డీలో చిన్న చిన్న గాజు పిట్టలు కనిపించాయి. ఒక్కోటి నాలుగు యూరోలు. "బాగాలేవు, రంగు అతుకులు కనిపిస్తున్నాయి" అని నేను పెదవి విరిచి, పన్నెండు పిట్టలను ముప్పై యూరోలకు బేరం చేశాను. పది అడుగులు దాటగానే, "చూశావా, ఎంత చవగ్గా వచ్చాయో!" అని గొప్పలు పోయాను. బేరమాడేటప్పుడు సరుకును తిట్టి, అవతలికి వెళ్ళాక మురిసిపోయే కొనుగోలుదారుడి సంగతి సామెతల గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. ఆ మాట ఆరోజు గుర్తుకు రాలేదు.

మర్నాడు పడవెక్కి మురానో దీవికి వెళ్ళాం. కొలుముల వల్ల నగరానికి నిప్పు ప్రమాదం ఉందని 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు బట్టీలన్నిటినీ ఈ దీవికి తరలించింది. ఏడు వందల ఏళ్ళు దాటినా ఆ పని అక్కడ సాగుతూనే ఉంది. ఒక పెద్దాయన ఇనుప గొట్టం చివర ఎర్రగా కాగిన గాజు ముద్దను తిప్పుతూ, పట్టకారుతో లాగుతూ మా కళ్ళ ముందే గుర్రాన్ని చేశాడు. చూసేవాళ్ళకు అది కొద్ది నిమిషాల పని. ఆయన చేతికి అది జీవితకాలం నేర్చుకున్న పని. పక్కన దుకాణంలో చిన్న పిట్ట ఒక్కటే ముప్పై అయిదు యూరోలు. దాని మీద మురానో గాజు గుర్తు ఉంది. నకిలీల బెడద తట్టుకోలేక 1994లో ఆ ప్రాంతపు ప్రభుత్వం చట్టం చేసి తెచ్చిన గుర్తు అది. నా సంచిలో ఉన్న పిట్టలకు ఆ గుర్తు లేదు. అట్టపెట్టె మీద మాత్రం "మురానో" అని అచ్చువేసి ఉంది. అవి ఎక్కడివో నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చాను.

డిసెంబరులో పోచంపల్లి వెళ్ళినప్పుడు ఒక పిట్టను అమ్మ చేతిలో పెట్టి, "మురానో గాజమ్మా, అక్కడ చేత్తో చేస్తారు" అన్నాను. అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "చేసినోళ్ళ చెయ్యి సల్లగుండాలె" అంది. ఆ మాటకు నా గుండె కలుక్కుమంది.

ఎందుకంటే మాది మగ్గం ఇల్లు. మగ్గం మీదికి ఎక్కించకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దితేనే ఇక్కత్ డిజైను వస్తుంది. అందుకే ఆ చీర రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే నాలుగైదు గంటలు చెయ్యి అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి. ఆసు పోసి పోసి అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవదు. బజారులో అదే డిజైను బట్ట మీద అచ్చువేసి, "పోచంపల్లి" అని పేరు పెట్టి అమ్ముతుంటే, బాపు నేసిన చీరలు మడతల్లోనే ఉండిపోయిన రోజులు నాకు తెలుసు. అచ్చు చీర కొనేవాళ్ళను చిన్నప్పుడు మనసులో తిట్టుకునేవాణ్ణి. వెనిస్‌లో నేను కూడా వాళ్ళలో ఒకణ్ణే అయ్యాను.

అయితే చవకగా కొనడమే తప్పా? అలా అనలేను. పదకొండు మందికి ముప్పై అయిదు యూరోల చొప్పున పెట్టే స్తోమత మనలో చాలామందికి లేదు. బడ్డీలో ఉన్నతను కూడా మనలాగే పరాయి దేశానికి బతకడానికి వచ్చినవాడు. నాలుగు యూరోల పిట్టను చేసిన కార్మికుడిదీ కష్టమే. పేదవాడు అచ్చు చీర కట్టుకుంటే మా బాపు ఏనాడూ తప్పుపట్టలేదు. ఆయన బాధ ధర గురించి కాదు, పేరు గురించి. తన చేతి పేరును ఇంకొక సరుకు మీద పెట్టి అమ్మితే, ఒకరి తరాల శ్రమను దొంగిలించినట్టే. ఇటలీలో నకిలీ వస్తువు కొన్నవారికి కూడా ఏడు వేల యూరోల వరకు జరిమానా వేయవచ్చు. నా సంగతి పోలీసుల దాకా వెళ్ళేది కాకపోవచ్చు. కానీ అమ్మినవాడి అబద్ధం నా సంచిలోకి ఎక్కి, నా నోటితో అమ్మ దాకా వెళ్ళింది. తెలియక కొనడం వరకు పొరపాటు. తెలిసిన తరువాత ఆ పేరు చెప్పి ఇవ్వడం మోసం.

తిరిగొచ్చిన నెలకు ఫోనులో అమ్మకు నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సౌకదైతే ఏమాయె బిడ్డా, నువ్వు తెచ్చినవ్, నాకు గంతే సాలు. గని వాడకట్టు మొత్తానికి గొప్పగ జెప్పిన. నాతోని అబద్ధమాడిపిస్తివి గదరా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఈ వేసవిలో మీ జాబితా ఎంత పొడుగున్నా, ఒక్క చిన్న పని చేయండి. చవకది కొంటే చవకదనే చెప్పి ప్రేమతో ఇవ్వండి. చేతిపని కొనగలిగితే, ఒక్కటైనా చేసినవారి దగ్గరే, అడిగిన ధరకే కొనండి. అమ్మ ఆ పిట్టను అలమారలోంచి తీసేయలేదు. ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పుడు, "మా కొడుకు తెచ్చిండు" అని ఊరుకుంటోందట.