ముందే తెలిసిన గాలివానలో దైవం వాటా

అమెరికాలో మే నెల చివరి సోమవారాన జరుపుకొనే మెమోరియల్ డే, అంతర్యుద్ధంలో మరణించిన సైనికుల సమాధులను పూలతో అలంకరించే ఆచారంగా 1868లో దేశవ్యాప్తమై, 1971 నుంచి శని, ఆది, సోమవారాలు కలిసివచ్చే సెలవుగా స్థిరపడింది. వాతావరణం దృష్ట్యా అది మంచి కాలం కాదు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలి, పడమటి ఎత్తునేలల నుంచి వీచే పొడిగాలి, వాటికి చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ ప్రవాహమనే బలమైన గాలిధార, ఈ మూడూ మధ్య మైదాన రాష్ట్రాల మీద కలిసే రోజులు వసంతాంతంలోనే ఎక్కువ. ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ పట్టణంలో ఉన్న జాతీయ కేంద్రం అలాంటి రోజుల ప్రమాదాన్ని ఐదు అంచెలుగా విభజించి, సంభావ్యతల రూపంలో ముందుగానే ప్రకటిస్తుంది. ఒక ఊరికి 15 శాతం అని ప్రకటించారంటే, ఆ ఊరికి 25 మైళ్ల లోపల ఎక్కడో ఒకచోట తీవ్రమైన గాలో వడగళ్లో వచ్చే అవకాశం నూటికి పదిహేను పాళ్లు ఉందని అర్థం. రాబోయేది ఈ మాత్రమైనా తెలిశాక, జరిగే నష్టంలో దైవానికి ఎంత భాగం, మనిషికి ఎంత భాగం అన్న పాత ప్రశ్నకు పాత జవాబులు సరిపోవు.

ఈ ప్రశ్నను అత్యంత దారుణంగా లేవనెత్తిన ఘటన కూడా ఈ పండుగ మరునాడే జరిగింది. 1889 మే 30న పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో మెమోరియల్ డే ఊరేగింపు ముగిశాక, రాత్రి మొదలైన కుండపోత మర్నాటికీ తెరిపివ్వలేదు. ఊరికి 14 మైళ్ల ఎగువన, పిట్స్‌బర్గ్ సంపన్నుల విహార సంఘానికి చెందిన సౌత్ ఫోర్క్ చెరువు కట్ట మధ్యాహ్నం తెగి, 2,209 మంది మరణించారు. అయితే ఆ కట్టను వాన ఒక్కటే తెంచలేదు. నీటిని కిందికి వదిలే తూము గొట్టాలను అంతకుముందు యజమాని తీసేయగా, సంఘం వాటిని తిరిగి అమర్చలేదు. బండ్లు నడవడానికి వీలుగా కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా జాలీ బిగించారు. కింది ఊరిలోని ఇనుప కర్మాగారపు ఇంజనీరు జాన్ ఫుల్టన్ 1880లోనే కట్టను పరిశీలించి లోపాలను రాతపూర్వకంగా తెలిపితే, సంఘం నాయకుడు ప్రమాదమేమీ లేదని బదులిచ్చాడు. ఇంత జరిగినా న్యాయస్థానాలు సంఘంచేత ఒక్క డాలరు పరిహారం కట్టించలేదు. మనిషి ఊహకూ అదుపుకూ అందని ప్రకృతి విపత్తును ఆంగ్ల న్యాయశాస్త్రం దేవుని చర్యగా వ్యవహరించి, దాని నష్టానికి ఎవరినీ బాధ్యులను చేయదు. జాన్స్‌టౌన్ ఆ కోవలోకి చేరింది.

ఈ తీర్పును నాస్తికుని కంటే ఆస్తికుడే గట్టిగా ఆక్షేపించాలి. జాలీ బిగించిన చేతులు, ఫుల్టన్ నివేదికను తోసిపుచ్చిన సంతకం మనుషులవి అయినప్పుడు, ఫలితాన్ని మాత్రం ఈశ్వరుని ఖాతాలో రాయడం భక్తి కాదు, ఆయనపై మోపిన అపవాదు. భారతీయ చింతనలో దైవానికి ఎంత గౌరవం ఉన్నా ఇంతటి భారం దానిపై వేయలేదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకూ ఐదు కారణాలు చెబుతూ అధిష్ఠానం, అంటే ఆధారమైన శరీరం, కర్త, కరణాలు, అంటే సాధనాలైన ఇంద్రియాలు, వివిధ చేష్టలు అనే నాలుగింటి తరువాత దైవాన్ని ఐదోదిగా నిలిపింది. ఆ దైవమంటే ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలని శంకరులూ, అంతర్యామి అయిన పరమాత్మ అని రామానుజులూ వ్యాఖ్యానించారు గానీ, ఏ వ్యాఖ్యలోనూ ఐదోది తక్కిన నాలుగింటిని కొట్టివేయదు. మహాభారతంలోని అనుశాసన పర్వంలో దైవం గొప్పదా పురుషకారం, అంటే మానవ ప్రయత్నం, గొప్పదా అని ధర్మరాజు అడిగినప్పుడు, భీష్ముడు వసిష్ఠునికి బ్రహ్మ చెప్పిన మాటగా, ప్రయత్నం పొలమనీ దైవం విత్తనమనీ, రెండూ కలిస్తేనే పంట అనీ వివరిస్తాడు.

కట్ట తెగిన ప్రతిచోటా యజమానిదే తప్పనడమూ న్యాయం కాదు. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి రైలు వంతెనలు కొట్టుకుపోగా, మద్రాసు రైల్వే కంపెనీ వేసిన దావాలో 1874లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పు చెప్పింది. చెరువులు తరతరాలుగా సేద్యానికి ప్రాణాధారమనీ, వాటిని కాపాడడం జమీందారు విధి అనీ, అందులో ఆయన అజాగ్రత్త కనబడలేదనీ న్యాయమూర్తులు భావించారు. పదిమంది పొలాలకు నీరిచ్చే చెరువుకూ, కొందరి చేపల వేట కోసం నిలిపిన చెరువుకూ మధ్య ఉన్న ఈ తేడాలోనే, దైవం వాటాను నిర్ణయించే కొలత ఉంది: ఏమి తెలుసు, ఏమి చేయగలిగి చేయలేదు.

ఆ వాటా స్థిరమైనదీ కాదు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది పోగా, 1990 మే నెలలో దాదాపు అంతే బలమైన తుపాను అదే కృష్ణా తీరాన్ని తాకినప్పుడు, ముందస్తు హెచ్చరికల వల్లా, లక్షకు పైగా జనాన్ని తరలించడం వల్లా, మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. సముద్రం మారలేదు, అంతకుముందు విధిరాతగా ఎంచినదానిలో పెద్ద భాగం మనుషుల చేతిలోకి వచ్చింది.

అయితే హెచ్చరిక కూడా తప్పవచ్చు. అమెరికాలో టోర్నడో, అంటే నేలను తాకే తీవ్రమైన సుడిగాలి, వస్తుందని హెచ్చరించిన సందర్భాల్లో సగానికి పైగా అది రాదు. జాన్స్‌టౌన్‌లోనూ కట్ట తెగుతుందన్న పుకారు ఏళ్ల తరబడి విని విని జనానికి అలవాటైపోయింది. 1889 మే 31న లోయ కిందికి తంతి వార్తలు వెళ్లినా వాటిని పట్టించుకున్నవారు తక్కువ. ఈ చిక్కును భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఏనాడో ఎదుర్కొంది. మబ్బును చూసి రాబోయే వానను ఊహించడం కారణం నుంచి కార్యానికి సాగే పూర్వవత్ అనుమానం, అంటే గుర్తును బట్టి చేసే ఊహ. ఉప్పొంగిన ఏటిని చూసి ఎగువన వాన పడిందనుకోవడం కార్యం నుంచి కారణానికి వెళ్లే శేషవత్ అనుమానం. ఏరు ఎక్కడో అడ్డుకట్ట వల్ల కూడా పొంగవచ్చు గనుక అనుమానం ప్రమాణం, అంటే నమ్మదగిన జ్ఞానసాధనం, కాదని ఆక్షేపించే పూర్వపక్షి వాదిస్తే, వాన వల్ల వచ్చిన పొంగుకు వేగం, నురుగు, కొట్టుకొచ్చే ఆకులూ కొమ్మలూ ప్రత్యేక లక్షణాలని న్యాయదర్శనం పక్షాన సిద్ధాంతి బదులిస్తాడు. అంటే తప్పుకు ఆస్కారం ఉందని జ్ఞానాన్ని వదిలేయకూడదు, దాని గుర్తులను మరింత నిశితంగా చూడాలి. నూటికి పదిహేను పాళ్లన్న సూచన తరువాత ఎండ కాస్తే సూచన అబద్ధమైందని అనలేము. తాను ఎంతమేరకు ఎరుగునో అంతే చెప్పడం సూచకుని సత్యనిష్ఠ.

వినేవాని ధర్మం ఇంతకంటే కఠినం, ఎందుకంటే విన్నవారందరికీ ఒకే శక్తి ఉండదు. 2015లో మెమోరియల్ డే సెలవుల శనివారం రాత్రి టెక్సస్‌లోని వింబర్లీ వద్ద బ్లాంకో నది కొద్ది గంటల్లోనే 40 అడుగుల మట్టానికి లేచినప్పుడు, ఒడ్డున విహార గృహంలో దిగిన కుటుంబాలు ఇంటితో సహా కొట్టుకుపోయాయి; ఆ నది స్వభావం అక్కడి పాతకాపులకు తెలిసినట్టు అతిథులకు తెలిసే వీలు లేదు. మైదాన రాష్ట్రాల్లో చక్రాల మీద తెచ్చి నిలిపిన తేలికపాటి ఇళ్లలో ఉండే పేదలకు సూచన సమయానికే అందినా, తలదాచుకోవడానికి నేలమాళిగ ఉండదు. అలాంటివారి మరణాన్ని దైవానికి అంటగట్టలేము, వారి నిర్లక్ష్యానికీ అంటగట్టలేము. గీత చెప్పిన కర్త అక్కడ ఒక వ్యక్తి కాదు. ఒడ్డున ఇల్లు కట్టినవాడు, ఆ కట్టడానికి అనుమతిచ్చిన అధికారి, ఊరికొక ఆశ్రయం కట్టడానికి పన్ను చెల్లించేందుకు ఒప్పుకోని పౌరుడు, వీరందరూ ఆ కర్తలో భాగస్థులే.