కాటిసీను

మిరపకోతలు అయిపోయి కూలి దొరకని ఎండాకాలమే మా పల్లెలో నాటకాలు నేర్చే కాలం. పల్నాడులో ఊరికో హరిశ్చంద్రుడు ఉండేవాడు. మా మాలపల్లె హరిశ్చంద్రుడు మా నాయన. చదువు రాదు. వేపచెట్టు కింద గుడ్డి బల్బు పెట్టుకుని, హార్మోనిస్టు ఒక్కో పాదం చెపుతుంటే రెండు నెలలు పద్యాలు నోటికి పట్టేవాడు. ఒత్తు పలకలేదని అతను కసిరితే మర్నాడంతా అదే ముక్క, బోరు దగ్గరా గడ్డివామి దగ్గరా. "రాజుగారూ, నూకలు నిండుకున్నయి" అని మా అమ్మ ఎత్తిపొడిచేది.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటిసీను వచ్చేసరికి జనం జాషువా పద్యాలు అడుగుతారు. అవి నాటకం కోసం రాసినవి కావు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం తిన్న కవి శ్మశానం మీద రాసుకున్నవి. స్టేజీ వాటిని తెచ్చి రాజు నోట్లో పెట్టింది.

2001 ఎండాకాలం. ఒక రాత్రి పద్యం మధ్యలో ఊళ్ళోంచి కబురొచ్చింది. పెద్దరైతు తల్లి పోయింది, కట్టెలు పేర్చాలి. ఊరి కాటిపని మా ఇంటిది. మా నాయన రాగం మింగేసి లేచిపోయాడు. తెల్లారి వచ్చి, బయటే తానం చేసి పడుకున్నాడు.

పది రోజులకి తిరనాళ్ళలో నాటకం. రాజు కాటికాపరి అయ్యాడని ఊరంతా ఏడ్చింది. వన్స్‌మోర్ మీద వన్స్‌మోర్. ఆ పెద్దరైతే స్టేజీ ఎక్కి మా నాయన చొక్కాకి నోటు గుచ్చాడు. ఆయన చెయ్యి మా నాయనకి తగలటం నేను చూసింది అప్పుడొక్కసారే. పొద్దున్నే టీ హోటల్లో మా నాయన గ్లాసు ఎప్పటిలాగే విడిగా, చూరులో ఉంది.

అదే మనిషి, భుజాన అదే కర్ర. రాజు దిగి కాటికాపరి అయితే వచ్చే కన్నీళ్ళు, పుట్టి కాటికాపరి అయినవాడికి ఎందుకు రావు? రాజుకి చివర్లో రాజ్యం తిరిగొస్తుంది. పోనీ, అతన్ని కొన్న చండాలుడైనా మనవాడా అంటే, మార్కండేయ పురాణంలో వాడూ మారువేషం వేసుకొచ్చిన ధర్ముడే. మనది అనుకున్న ఆ ఒక్క వేషంలోనూ మనం లేం.

బీఎడ్ చేసి పంతులునయ్యాక ఇదంతా మా నాయనకి చెప్పాను. ఆ నాటకం మానెయ్యమన్నాను. చుట్ట ఆరిందాకా విన్నాడు. "మరి ఆ వల్లకాటి పద్యాలు రాసింది మనోడే గదరా. అయ్యి ఎవుడు పాడాల?" అన్నాడు. ఆ తర్వాత రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

పోయినేడు మా బడి వార్షికోత్సవానికి పిల్లలు కాటిసీను వేస్తామన్నారు. వీరబాహు వేషం ఎవరికనగానే అందరూ మా పల్లె పిల్లాడి వంక చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, చూశారంతే. నేను ఆ సీనే తీసేశాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

సాయంత్రం సైకిలు తీస్తుంటే వాడొచ్చి నిలబడ్డాడు.

"సార్, నాకు వీరబాహు కాదు, హరిశ్చంద్రుడి పద్యాలొచ్చు. ఎండాకాలమంతా తాత కాడ నేర్చుకున్నా."

తాతంటే మా నాయనే.