కన్నులు లేని కావలి

మీలో అనేకులు పొలముల నడుమను తోటల నడుమను కాపురముండువారే. ఉద్దానములో జీడిపండ్ల వాసనకు ఎలుగుబంటి వచ్చుననియు, పార్వతీపురము వైపున ఏనుగులు ఒక్క రాత్రిలో అరటితోటను నేలమట్టము చేయుననియు మీకు ఒకరు చెప్పనక్కరలేదు. 2018 తిత్లీ తుపానులో కూలిన తోటను మరల నాటి పెంచినవాడు దానిని కాపాడుకొనగోరుట పాపమా? కాదు. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఎలుగుబంటి ఒక మనుష్యుని చంపెను. కావున భయమును నిజమైనదే.

అయితే పంటను కాచుకొనుటకు ఏ సాధనమైనను తగునా?

కొందరు అడవిపందుల బాధ పడలేక గట్టు చుట్టు ఇనుపతీగె లాగి, దానికి కరెంటు తగిలించి నిద్రపోవుదురు. మంచెమీది మనుష్యుడు చీకటిలో ఏదైన కదలినయెడల కేకవేసి చూచును. తీగెకు కన్నులు లేవు. పందిని, పాలిచ్చు ఆవును, వేకువనే నీళ్లు కట్టవచ్చిన పొరుగువానిని అది ఒక్క రీతిగానే పట్టును. "నేను పందికి పెట్టితిని" అందురు. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో పడి చచ్చిన ఎద్దుకు నష్టమియ్యవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయములో నున్నది. వాడు ఎద్దును చంపవలెనని త్రవ్వలేదు గదా!

2023 మే నెలలో భామిని మండలము కాట్రగడ పొలములలో నాలుగు ఏనుగులు విద్యుత్తు తగిలి చనిపోయెను. అంత దేహమే నిలువలేనప్పుడు పసిబిడ్డ మాట యేమి?

సౌరకంచె వేరు. అందులో విద్యుత్తు క్షణమాత్రము కొట్టి ఆగును. జంతువు బెదరి మరలిపోవును. లైను కరెంటు ఆగక కండరములను బిగించి పట్టును. ఈ భేదము నెరుగక రెండును ఒకటే యనువారున్నారు. ఎలుగు విషయములో పని యింకను చిన్నది. రాలిన జీడిపండ్లను, పనసపండ్లను ఇంటి చెంత కుళ్లనియ్యకుడి. చీకటివేళ ఒంటరిగా పోక, దీపముతో బిగ్గరగా మాటలాడుకొనుచు పొండి. దాని చూపు మందము. హఠాత్తుగా ఎదురుపడినప్పుడే తరచుగా మీదపడును.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఏనుగునకును ఎలుగునకును రక్షణ కల్పించినది. మంచిదే. కాని దానిని మెచ్చుకొనువారు పట్టణములో సుఖముగా నిద్రించుచుండగా, మేలుకొనువాడు ఎకరము భూమిగల బీదరైతు. ఏనుగు బ్రదుకునకు వెల వాడొక్కడే చెల్లించుట న్యాయము కాదు. తీగె పెట్టిన ప్రతివాడును క్రూరుడు కాడు. మంచెమీద తోడు దొరకక పెట్టినవారును గలరు. మీ ఊరిలో ఈ కోతలకు రాత్రి కాపలా వంతులు వేసికొన్నప్పుడు, కుమారులు లేని విధవరాలి పొలము ఎవరి వంతులో పడినది?