గడువు లేని ఖైదు

శిక్షకు మూడు అంగాలుంటాయి: నేరం, తీర్పు, గడువు. గోడమీద గీతలు గీసుకుంటూ రోజులు లెక్కపెట్టుకొనే ఖైదీకి కనీసం ఆ గడువైనా దక్కింది. లెక్కపెట్టుకోవడానికి గడువే లేనివాణ్ణి ఏమనాలి? అతణ్ణి బంధించిన రాజ్యాన్ని ఏమనాలి?

ఇది ఊహాప్రశ్న కాదు. క్యూబా గడ్డమీద 1903లో కౌలుకు పుచ్చుకొన్న గ్వాంటనామో నౌకాస్థావరంలో అమెరికా సైన్యం 2002 జనవరి 11న ఒక జైలు తెరిచింది. అందులో సుమారు 780 మందిని ఉంచింది. 2025 జనవరి నాటికి 15 మంది మిగిలారు. ఖైదీలలో అత్యధికులపై ఏ నేరారోపణా జరగనేలేదు. నేరస్థుడికి న్యాయస్థానం ఉంది. యుద్ధఖైదీకి 1949 నాటి జెనీవా ఒడంబడిక ఉంది. పోరు ముగియగానే అతణ్ణి విడిచిపెట్టాలి. వీరు నేరస్థులూ కారు, యుద్ధఖైదీలూ కారు అన్నారు పాలకులు. అంటే, పేరు మార్చి హక్కు హరించారన్న మాట.

లఖ్దర్ బూమెదీన్ బోస్నియాలో రెడ్‌క్రెసెంట్ ఉద్యోగి. సాక్ష్యం లేదని అక్కడి సుప్రీంకోర్టు విడుదలకు ఆజ్ఞాపించినా, 2002లో అతణ్ణి అమెరికన్ల చేతికి అప్పగించారు. నిరాహారదీక్ష చేస్తే ముక్కులో గొట్టం దూర్చి బలవంతంగా ఆహారం ఎక్కించారు. తన నిర్బంధాన్ని న్యాయస్థానంలో ప్రశ్నించే హక్కు ఖైదీకి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 2008 జూన్‌లో తీర్పు చెప్పింది. ఆ హక్కు పక్షాన అయిదుగురు న్యాయమూర్తులు, వ్యతిరేకంగా నలుగురు! అదే ఏడాది నవంబరులో, అతణ్ణి బంధించడానికి తగిన ఆధారం లేదని కింది న్యాయస్థానం తేల్చింది. ఏడేళ్లు పోయాక, 2009లో అతడు బయటపడ్డాడు.

'వదిలిపెట్టినవాడు రేపు ప్రాణాలు తీస్తే బాధ్యులెవరు?' అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. విడుదలై మళ్లీ ఆయుధం పట్టినవారు లేకపోలేదు. అయితే ప్రమాదకరుడని నమ్మినవారు ఆ సంగతి రుజువు చేయడానికి జంకడమెందుకు? నా భయమే నీ నేరమైతే, నిర్దోషినని నిరూపించుకొనే దారి నీకెక్కడుంది? నా భయం నా మనసులో ఉంది. దానికి నీవు సాక్ష్యం తేలేవు. భయానికి అవధి లేదు గనుకనే ఆ ఖైదుకూ అవధి లేదు.

అక్కడి ఖైదీలు కాగితం దొరకనప్పుడు నురుగు కప్పులమీద గులకరాళ్లతో పద్యాలు గీశారు. పద్యంలో రహస్య సంకేతం ఉండవచ్చునని సైనికాధికారులు ఎన్నింటినో బయటికి పోనివ్వలేదు. 17 మంది రాసిన 22 పద్యాలు మాత్రం 2007లో పుస్తకంగా వెలువడ్డాయి. తుపాకి చేతబట్టినవాడు పద్యానికి భయపడ్డాడంటే, ఖైదీని మనిషిగా గుర్తించడానికే భయపడ్డాడని అర్థం.

దూరదేశపు పాపమని మనం చేతులు కడుక్కోలేము. 'డిటెన్యూ' అన్న మాట తెలుగువాడికి కొత్తది కాదు. విచారణ లేని నిర్బంధానికి మన రాజ్యాంగపు 22వ అధికరణమే చోటిచ్చింది; గడువులూ, సలహామండలీ పెట్టింది గాని, మూలసూత్రాన్ని కాదనలేదు. మనవాడు జైల్లో పడ్డప్పుడు మాత్రమే విచారణ కోరేవాడు న్యాయం కోరడం లేదు, దయ కోరుతున్నాడు. మనకు గిట్టనివాడికీ, మనం భయపడేవాడికీ కూడా నేరమేమిటో చెప్పించి, గడువు అడగగలిగిన నాడే న్యాయమన్న మాట పలకడానికి మనం అర్హులం.